ఖాజా భాయ్ పీకేసిన పోర్టులు

2011. తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులు. జనగామలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో నేను పనికి కుదిరి అప్పటికి ఏడాది. ఇప్పుడు మీకొక వీరగాథ చెప్పబోతున్నాను. ఇందులో ఉద్యమం ఉంది, దిగ్బంధమైన రోడ్డు ఉంది, తరుముకొస్తున్న గడువు ఉంది, ఒక ఆడపిల్ల చదువు ఉంది. నిజానికి అంత లేదు. కొడకండ్లలో ఒక మౌస్ కదలడం మానేసింది.

పొద్దున పదకొండుకు ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. కొడకండ్లలో ఇంటర్నెట్ సెంటర్ ఆయనది. ఉన్నది ఒకే కంప్యూటర్. బంద్ రోజుల్లో ఊళ్లో అన్ని షాపులూ మూసేసేవారు, ఆయన సగం షట్టర్ దించేవాడు. దించిన సగం ఉద్యమానికి, మిగిలిన సగం గిరాకీకి.

“తమ్మీ, మౌస్ సచ్చిపోయింది. కీబోర్డు గూడ సచ్చిపోయింది.”

“ఏం చేసినవ్ భాయ్?”

“ఏం చెయ్యలే.”

మా వృత్తిలో ఆ మాటకు ఏదో చేశారని అర్థం. ఊరుకుంటే వాళ్లే చెబుతారు.

“జర యూఎస్‌బీలు తీసేసిన.”

ఆ రోజుల్లో ఉద్యమ పాటలన్నీ పెన్‌డ్రైవుల్లో ఊరూరా తిరిగేవి. పాటతోపాటు వైరస్సూ తిరిగేది. దీక్షా శిబిరం నుంచి ఎవరు పెన్‌డ్రైవు తెచ్చినా ఖాజా భాయ్ కాదనలేడు, కాదంటే ద్రోహి అంటారేమోనని భయం. అందుకని పెన్‌డ్రైవు పెట్టినా పని చేయకుండా చేస్తే గొడవ వదులుతుందని, కంప్యూటర్ భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి యూఎస్‌బీ డ్రైవర్లను ఒక్కొక్కటే తీసేశాడు. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ దానికి తగిలించిన వస్తువుకూ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రాం. మౌసూ కీబోర్డూ కూడా ఆ యూఎస్‌బీ పోర్టుల్లోనే గుచ్చి ఉన్నాయని ఆయనకు మూడో క్లిక్కు తర్వాత తెలిసింది. నాలుగో క్లిక్కు లేదు.

“బంద్ చేసి మళ్ల చాలు చెయ్ భాయ్.”

“చెయ్యరాదు తమ్మీ. తెర మీద తండా పిల్ల ఫారం ఉంది. సగం నింపింది, సేవ్ కాలే. ఇయ్యాలనే ఆఖరు.”

ఆ పిల్ల పేరు సరోజ. బీఎడ్ సీటుకు వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరుస పెట్టి పంపాలి. ఆ సాయంత్రం దాటితే ఏడాది పోయినట్టే. పైగా భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు తవ్వకం ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. మూడింటికి పోతే రాత్రి దాకా రాదు.

“వెనుక గుండ్రటి రంధ్రాలు ఉన్నయా?”

“ఉన్నయి. ఒకటి ఊదది, ఒకటి పచ్చది.”

వాటిని పీఎస్-టూ పోర్టులంటారు. పాతకాలం కీబోర్డులకు పెట్టినవి, యూఎస్‌బీతో సంబంధం లేదు. గుండ్రటి పిన్ను కీబోర్డు దొరికితే కంప్యూటర్ ఆపకుండానే ఫారం సేవ్ చేయొచ్చని లెక్క వేశాను. మా షాపులో అది లేదు. మిగతా జనగామకు తాళం వేసి ఉంది. దారిలో చూద్దామని బండి తీశాను.

కొడకండ్ల పొలిమేరలో రోడ్డు మీద పొయ్యిలు. వంటావార్పు, అంటే దారి ఆపి అక్కడే వండి అక్కడే తినే నిరసన. ఒక అక్క నా బండి ముందు విస్తరి పరిచింది.

“తిని పో తమ్మీ.”

“అర్జెంటు పనుందక్కా.”

“తెలంగాణ కన్నా అర్జెంటా?”

బండికి స్టాండు వేశాను. కూర్చున్నాను. పక్క విస్తరిలో యాదగిరి అన్న, సమ్మెలో ఉన్న ప్రభుత్వ ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్. నా కథ విని అన్నం కలుపుతూనే అన్నాడు.

“గుండ్రం పిన్నుది మా ఇంట్ల ఉంది. నా సొంతం. కాని నేను సమ్మెల ఉన్న.”

“ఇచ్చుడు గూడ పనేనా అన్నా?”

ఆయన ఎదురుగా కూర్చున్న ఉద్యోగుల సంఘం పెద్దమనిషిని అడిగాడు. పెద్దమనిషి పప్పు వడ్డించుకుని తీర్పు చెప్పాడు. “ఇచ్చుడు సాయం. టైపు కొట్టుడు పని. ఇయ్యి, కొట్టకు.”

యాదగిరి అన్న ఇంటి నుంచి తెచ్చిన కీబోర్డు చంకలో పెట్టుకుని సగం షట్టర్ కింద దూరేసరికి రెండున్నర. సరోజ స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, తగిలితే ఫారం పడిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. ఖాజా భాయ్ ఫ్యాన్ కూడా ఆపేశాడు. గాలికి ఫారం ఎగిరిపోతుందని కాబోలు.

ఊదా రంధ్రంలో పిన్ను పెట్టాను. ట్యాబ్ కొట్టాను. ఏమీ లేదు. ఎంటర్ కొట్టాను. అదీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పాత పోర్టు కంప్యూటర్ లేచేటప్పుడు మాత్రమే కీబోర్డు ఉందా అని చూసుకుంటుంది. మధ్యలో వచ్చినవాణ్ణి పట్టించుకోదు. టైం రెండు నలభై.

“ఆపక తప్పదు చెల్లే,” అన్నాను, దవాఖానలో పెద్ద డాక్టరు గొంతుతో. “నింపిందంతా పోతది.”

“పోనీ అన్నా,” అంది సరోజ. “నోట్‌బుక్కుల రాసుకున్న.”

సంచిలోంచి తీసి చూపించింది. మొదట మహబూబాబాద్ కాలేజీ, తర్వాత మిగతావి, కోడ్ నంబర్లతో సహా, ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ.

“మరి చెప్పకపోతివి?” అన్నాడు ఖాజా భాయ్.

“మీరు అడగలే. కదలకు బేటీ అన్నరు. కదలలే.”

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అది లేస్తూనే తన పోర్టులన్నిటినీ తానే వెతుక్కుంది, తీసేసిన డ్రైవర్లను తానే మళ్లీ పెట్టుకుంది. నేను కీబోర్డు ముట్టకముందే యూఎస్‌బీ మౌస్ ఎర్రగా వెలిగింది. ఖాజా భాయ్ నుదురు తుడుచుకుని ఫ్యాన్ వేశాడు. సరోజ చూసి చెబుతుంటే ఆయన టైపు కొట్టాడు. రెండు యాభై ఆరుకు ఫారం వెళ్లిపోయింది. ప్రింటు చేతికి వచ్చాక ఆ పిల్ల మొదటిసారి గోడకు జారగిలబడింది. నాకూ అప్పుడే తిన్నది అరగడం మొదలైంది.

నెలన్నరకు ఖాజా భాయ్ ఫోన్ వచ్చింది, సరోజకు మహబూబాబాద్‌లోనే సీటు. ఫారం వెళ్లిన రోజే యాదగిరి అన్నకు కీబోర్డు తిరిగి ఇస్తుంటే, పని చేసిందా అని అడిగాడు. లేదన్నాను. “మంచిది,” అన్నాడు. “అది గూడ సమ్మెలనే ఉంది.”

ఆ రోజు నుంచి ఏ మిషన్ దగ్గరికి వెళ్లినా స్క్రూడ్రైవర్ తీయకముందు మనిషిని అడుగుతాను, ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా అని. చాలాసార్లు రాసుకునే ఉంటారు.

ఇంకొకటి. అలాంటి వెబ్‌సైట్లు కాసేపు ఎవరూ కదపకపోతే లాగిన్‌ను వాటంతట అవే తీసేస్తాయి. మూడు గంటలకు పైగా మేము కాపలా కాసిన ఆ ఫారం, తెర మీద కనిపిస్తున్నా, నేను జనగామ దాటకముందే చెల్లకుండా పోయి ఉంటుంది.