రక్తంలోకి దిగిన కొవ్వు

కందిపప్పు బస్తా కొట్టుకి రాగానే వరహాలక్ష్మి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు గింజలు తీసి చూసేది. పైన ఎవరైనా మంచివే పెడతారని ఆవిడ గట్టి నమ్మకం. అనకాపల్లిలో ఇరవై ఏళ్లుగా పప్పుల వ్యాపారం చేస్తోంది. యాభై రెండేళ్లు, తొంభై ఆరు కేజీలు. మోకాళ్ల నొప్పికి మందు రాయకుండా బరువు తగ్గమన్న డాక్టరుని కూడా ఆవిడ నమ్మలేదు.

భర్త త్రినాధరావు ఆవిణ్ని ఒక క్లినిక్‌లో చేర్పించాడు. అక్కడ పరిశోధన కోసం లావుగా ఉన్నవాళ్లచేత వారానికి మూడు రోజులు కదలని సైకిలు తొక్కించి, ముందూ తర్వాతా రక్తం చూస్తున్నారు. అంతా ఉచితం.

"ఊరికే ఎందుకు సేత్తారు? నా రక్తం ఎక్కడికెల్తందో!" అంటూ, రక్తం గొట్టం మీద తన పేరు తనే రాసుకునేది.

ఎనిమిది వారాలు గడిచాయి. బరువు రెండు కేజీలే తగ్గింది. ఆవిడ పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పట్టుకుని ఫిజియోథెరపిస్టు రాజశ్రీని నిలదీసింది.

"ఏటమ్మా ఇది? తొక్కేక రక్తంలో కొవ్వు పెరిగిందని మీరే రాసేరు. మొదట కొంచెమే. ఇప్పుడు మరీ ఎక్కువ. కరిగిత్తామని పెంచుతున్నారా?"

"రక్తంలోకి రావడమే కరగడం, పిన్నిగారూ. పొట్టలో నిలవున్న కొవ్వు విడిపోయి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండలు తీసుకుని ఖర్చు చేస్తాయి. ఒళ్లు బరువున్నవాళ్లకి అది తొందరగా విడిపోదు. మీకు ఇప్పుడు విడిపోతోంది."

"కండలు తీసుకోపోతే?"

రాజశ్రీ కాస్త తటపటాయించింది. "కొంత మళ్లీ పాత చోటికే పోతుంది."

వరహాలక్ష్మి ఆ పిల్ల ముఖంలోకి తేరిపార చూసింది. మాయమాటలు చెప్పేదైతే ఈ సంగతి దాచేదే అనుకుంది. అక్కడ చేరాక ఆవిడ నమ్మిన మొదటి మాట అదే.

బయట త్రినాధరావు స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"నువ్వెల్లు. నేను నడిసొత్తాను."

అతను ఆవిడ పక్కనే నెమ్మదిగా బండి నడుపుతూ, "నామీద కోపమొచ్చిందేటి?" అన్నాడు.

"కూకుంటే మళ్లీ ఎల్లి అక్కడే సేరిపోద్దంట."

"ఏటది?"

"కొవ్వు."

అప్పట్నించి తొక్కిన ప్రతిరోజూ ఇంటిదాకా నడిచే వచ్చింది. అన్నం కూడా ఒక గరిటె తగ్గించింది. నాలుగు నెలలకి ఇంకో అయిదు కేజీలు తగ్గాయి. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఒక ఉదయం, భర్తని నిచ్చెన పట్టుకోమని, అటక మీది మినప్పప్పు డబ్బా తనే ఎక్కి దించింది.