కందని కాయ

డ్రిల్లు మాస్టారు భావనారాయణ గారు విజిలును జంధ్యానికి కట్టుకునేవారు. ఇరవై రెండేళ్లుగా కబడ్డీ నేర్పుతూ ఒకటే మాట చెప్పేవారు: "చెట్టు మీది మామిడికాయను చిక్కంతో దింపినట్టు పట్టండ్రా. పట్టు జారకూడదు, కాయ కందకూడదు." కప్పు మాత్రం ఒక్కటీ రాలేదు. ఎనభై నాలుగులో, రిటైరయ్యే ముందు ఆఖరి ఫైనల్లో, కూతకొచ్చిన మైలవరం కుర్రాడి చీలమండ మాస్టారి జట్టులోని పున్నారావు చేతికి చిక్కింది. ఇంకో క్షణం ఆపితే కప్పు మాస్టారిదే. కుర్రాడు కూత ఆపకుండానే నొప్పితో మెలికలు తిరిగిపోయాడు. పున్నారావు వదిలేశాడు. ఆ కుర్రాడు పాక్కుంటూ పోయి గీత తాకాడు. కప్పు మైలవరం వెళ్లిపోయింది.

"ఇదేం కోచింగండీ, చేతికొచ్చింది జారవిడవడం!" అని హెడ్మాస్టరు విసుక్కున్నారు.

మాస్టారు ముందు ఆ మైలవరం కుర్రాడి దగ్గర గొంతుక్కూర్చుని చీలమండ తడిమి చూశారు. తరవాత, తలొంచుకు నిలబడ్డ పున్నారావు భుజమ్మీద చెయ్యి వేశారు.

"కందలేదురా," అన్నారు.