గొర్ల బండి బ్రేకు

అంజన్న మీద ఊళ్లో ఎన్ని ఫిర్యాదులైనా ఉండవచ్చు గానీ, ఆయన బ్రేకును మాత్రం ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆత్మకూర్ పక్క పల్లె ఆయనది. శనివారం పెబ్బేరు సంతలో బేరగాళ్లు కొన్న గొర్రెలను తన బొలెరో ట్రాలీలో ఎక్కించుకుని హైదరాబాద్ మండికి చేర్చడం ఆయన బతుకుతెరువు. గొర్రెలు నిండిన బండికి గట్టిగా బ్రేకు వేస్తే ఏమవుతుందో ఆ రోడ్డున తిరిగే డ్రైవర్లందరికీ ఎరుకే. ముందున్నది పడుతుంది, దాని మీద వెనకది పడుతుంది, అన్నింటి కింద పడ్డది మళ్లీ లేవదు. అందుకే అంజన్న, అల్లంత దూరాన ఎర్రలైటు కనబడితే చాలు, అక్కడినుంచే కాలు మోపడం మొదలుపెడతాడు. బండి ఆగిన సంగతి గొర్రెలకు కూడా తెలియకూడదు, అదీ ఆయన పట్టుదల.

"నా బండిల ఒక్క గొర్రె పడ్డదంటే మీసం తీసేస్త" అని చాయ్ హోటల్లో కూర్చుని పందెం వేసేవాడు. ఆ మీసం నెరిసింది గానీ పోలేదు.

ఒక్కగానొక్క బిడ్డ సుస్మిత ఆ బండి వెనక గొర్రెల నడుమ నిలబడి పెరిగింది. బడి లేని రోజుల్లో తండ్రి వెంట పోయేది. కూలబడ్డ గొర్రెను చెవి పట్టి, తోక పట్టి లేపడం వెనక ఉన్నవాళ్ల పని. ఏదైనా లేవనని మొండికేస్తే క్యాబిన్ రేకు మీద చరచాలి. ఒక్క చరుపంటే ఆపు, రెండు చరుపులంటే పో. తర్వాత స్టీరింగ్ చేతికొచ్చాక ఆమె కూడా అచ్చం తండ్రిలాగే బండి ఆపేది. "తండ్రి కాలే బిడ్డకొచ్చింది" అని తల్లి సోమమ్మ మురిసిపోయేది.

ఇప్పుడు ఆ కాలే కొంప ముంచేలా ఉంది.

సుస్మిత హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతుండగా, ఎన్నడూ పోటీకి దిగని ఆడపిల్లల కోసం ఒక రేసింగ్ జట్టు ఎంపిక పెట్టింది. స్నేహితురాళ్లతో సరదాకు పోయిన పిల్ల అందరికంటే ముందు వచ్చింది. జట్టువాళ్లు ఖర్చంతా తామే పెట్టుకుని కోయంబత్తూర్ తీసుకుపోయి ఏడాదిపాటు నేర్పారు. అక్కడి బండి ఫోటో చూసి సోమమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఒక్క మనిషి పట్టే బండి. పైన టాపు లేదు, నాలుగు చక్రాలూ ఒంటికి అంటకుండా బయటికే ఉన్నాయి.

"గీ చక్రాల మీద రేకు లేదేందే? వానొస్తే బురదంత మొఖం మీదికే గదనే!"

"అవునే అమ్మా, పడ్తది" అని నవ్వింది సుస్మిత. ఫార్ములా రేసుల్లోకి పోదలచిన చిన్నవాళ్లకు ఇది మొదటి మెట్టని చెప్పింది.

కొత్త సీజన్ ఆగస్టులో మొదలు. జట్టులో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క సీటు. దానికి సుస్మిత ఒకతె, పుణె పిల్ల ఒకతె. జూన్ చివర ఇద్దరినీ ట్రాక్ మీద నడిపించి చూసి, ఒకరికి సీటిస్తామన్నారు. ఆ లోపల కొన్నాళ్లు ఇంటికి పోయి రమ్మన్నారు. వచ్చింది గానీ పిల్ల ముఖంలో కళ లేదు. పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద కలుపుతూనే ఉంటుంది, తినదు.

"ఏమైందో చెప్పు బిడ్డా" అన్నాడు అంజన్న.

"మలుపులల్ల నేనే జోరు బాపూ. బ్రేకు కాడ ఎనకవడ్తున్న. దూరంకెల్లే తొక్కుతున్నవు, మెత్తగ తొక్కుతున్నవు అంటడు మా సారు. గా పుణె పిల్ల మలుపు మీదికి వొయిందాంక ఆగి, ఒక్కసారే దంచుతది. గదే ఆమెకు కలిసొస్తాంది."

అంజన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మెత్తగ తొక్కుడు తప్పా? గా సారుకు బండి నడుపుడు ఒస్తదా అసలు?"

"గా బండిల గొర్లుండవు గద బాపూ."

"గొర్లు లేకుంటే మనిషి లేడా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఆయన. ఆ పూటకు వాదించి గెలిచాడు. గెలిచినాక మాత్రం స్థిమితం పోయింది. వాన ఇంకా పడలేదు, పత్తి గింజ పెట్టినవాళ్లు మొగులు చూస్తూ తిరుగుతున్నారు. అంజన్న కూడా వాళ్లతో పాటు మొగులు చూశాడు గానీ, ఆయన చూపు మొగులు మీద లేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకి, వాకిట్లోకి తిరిగాడు. సాయంత్రం కాగానే సుస్మిత ఖాళీ ట్రాలీ తీసుకుని ఎటో పోతోంది. ఒకనాడు వెనకాలే నడిచాడు.

ఊరి బయట ప్లాట్లు చేసిన వెంచర్ ఉంది. కమాను ఉంది, తారు రోడ్లున్నాయి, ఇళ్లు మాత్రం లేవు. సుస్మిత ఆ రోడ్డు చివర నుంచి జోరుగా వస్తోంది. ఒక తెల్లరాయి దాకా వచ్చి దంచాలని ఆమె ఆలోచన. కానీ రాయి ఇంకా దూరాన ఉండగానే బండి నెమ్మదించి, పసిపిల్లను తొట్టెలో వేసినట్టు ఆగింది. మళ్లీ వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ అదే. చివరికి స్టీరింగ్ మీద తల వాల్చేసింది.

కమాను చాటు నుంచి అంజన్న అంతా చూశాడు. ఆ ఆగడం ఆయనకు తెలియనిదా? అది తన బ్రేకే. ఇన్నేళ్లూ పదిమందిలో చెప్పుకుని మీసం దువ్విన తన బ్రేకు మీద మొదటిసారి ఆయనకు అసహ్యం పుట్టింది.

మర్నాడు ట్రాలీని గొర్రె వాసన కూడా మిగలకుండా ఫినాయిలు పోసి కడిగాడు. గడ్డి ఊడ్చేశాడు, తాళ్లు విప్పేశాడు. "ఏం పండుగొచ్చిందయ్యా?" అని సోమమ్మ ఎకసెక్కం చేసింది. సుస్మిత మళ్లీ నడిపి చూసింది. కాలు అదే కాలు.

"గా అలవాటు పోతలేదు బాపూ. ఎనక ఎవరో నిలవడ్డట్టే అనిపిస్తది."

"అయితె నేనే నిలవడ్త. నేను రేకు చరిస్తె దంచు."

"నువ్వుంటె అసలే తొక్కలేను!"

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె బిడ్డా. గొర్రెకు చేతుల్లెవ్వు, నాకున్నయి. పట్టుకుంట."

మొదటిసారి చరిచాడు. బండి ఎప్పటిలా మెత్తగా ఆగింది. "నన్ను గూడ గొర్రెననుకున్నవా?" అని కసిరాడు. రెండోసారి కొంచెం కుదుపు వచ్చింది, అంతే. అంజన్నకు విసుగు ముంచుకొచ్చింది. క్యాబిన్ కిటికీలోకి వంగి అరిచాడు. "ఎనక ఎవ్వరు లేరు. ఇని పెట్టుకో. నేను లేను, గొర్లు లెవ్వు. నువ్వొక్కదానివే ఉన్నవు. నడువు!"

పళ్లు బిగబట్టి పోనిచ్చింది సుస్మిత. తెల్లరాయి దగ్గరపడింది. ఇంకా దగ్గరపడింది. అంజన్న రేకు మీద ఒక్క చరుపు చరిచాడు. బండి ఉన్నచోట ఉన్నట్టు నిలిచిపోయింది.

అంజన్న మాత్రం నిలవలేదు. జీవితమంతా స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి వెనక నిలబడే ఒడుపు ఏం తెలుస్తుంది? వెనక ఉన్నవాళ్లు రేకును మోచేత్తో చరుస్తారు, రెండు చేతులూ కడ్డీని వదలవు. ఈయన కడ్డీ వదిలి అరచేత్తో చరిచాడు. క్యాబిన్‌కు గుద్దుకుని, చెయ్యి కిందేసుకుని పడ్డాడు. మణికట్టు పటుక్కుమనడం తనకే వినబడింది.

సుస్మిత ఏడ్చుకుంటూ వెనక్కి ఉరికి వచ్చింది. "బాపూ! నేనొద్దంటె విన్నవా?"

పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే అంజన్న నవ్వుతున్నాడు. "గిట్లనే బిడ్డా! గిట్లనే దంచాలె! మల్ల ఎక్కు."

"పిచ్చిలేసిందా? దవాఖానకు నడువు!"

కట్టు కట్టించుకుని వచ్చినవాడు ఊరుకున్నాడా? మర్నాటి నుంచి కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. తెల్లరాయి దగ్గర ఆమె దంచిన ప్రతిసారీ చెయ్యి సలిపేది. సలిపిన ప్రతిసారీ "శభాష్" అనేవాడు. తలుపు దగ్గర ఎదురుచూసే సోమమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది.

అలా శనివారం దగ్గరపడింది. కోయంబత్తూర్‌లో పరీక్ష కూడా ఆ శనివారమే. గురువారం సాయంత్రం సుస్మిత బ్యాగు సర్దడం ఆపి వచ్చి, తండ్రి ముందు చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇయ్యి బాపూ. చెయ్యిరిగి నువ్వెట్ల నడుపుతవు? సంత గిరాకి పోతె మల్ల రాదు. సారుకు ఫోన్ చేస్త, ఇంకో దినం అడుగుత. గొర్లను నేను తీస్కపోత."

"నా గొర్లను నీకియ్య."

"ఎందుకియ్యవు? చిన్నప్పటిసంది గొర్లల్లనే పెరిగిన. ఒక్కటన్న పడగొట్టిన్నా?"

"అప్పుడు పడగొట్టలె. ఇప్పుడు పడగొడ్తవు." తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాడు అంజన్న. "దంచుడు నేర్సిన కాలు బిడ్డా అది. గొర్లను ఎక్కిచ్చుకున్నవంటె మల్ల మెత్తగైతది. ఇగ నా బండి ముట్టకు. పక్కింటి విజేందర్ నడుపుతడు, నేను ఎనక నిలవడ్త. నువ్వు బస్సెక్కు."

సుస్మిత వంగి తండ్రి కాలి మీద చెయ్యి వేసింది, బ్రేకు తొక్కే కుడికాలి మీద. లేచి లోపలికి పోయి బ్యాగు సర్దుకుంది.

శనివారం పెబ్బేరులో గొర్రెలు ఎక్కాయి. విజేందర్ స్టీరింగ్ పట్టాడు, అంజన్న వెనక నిలబడ్డాడు. కొత్తకోట దాటింది, భూత్పూర్ దాటింది. అంగీ జేబులో ఫోన్‌ను అరగడియకోసారి తడుముకుంటున్నాడు. పొద్దు వాలుతోంది. సీటు పుణె పిల్లకే పోయి ఉంటుంది, లేకుంటే ఈపాటికి చేసేదే కదా. ఎవరి మీదనో తెలియని కోపంతో ఒక గొర్రెను ఊరికే తిట్టాడు.

జడ్చర్ల ఇంకా రాకముందే ఫోన్ మోగింది.

"బాపూ, సీటు నాకే ఇచ్చిన్రు! ఆగస్టుల మొదటి రేసు!"

"బ్రేకు?"

"దంచిన బాపూ. ప్రతి మలుపు కాడ దంచిన. చెయ్యెట్లుంది?"

"చెయ్యికేమైంది, మంచిగుంది" అన్నాడో లేదో తెలియదు, గొర్రెల అరుపుల్లో ఆయన మాట ఆయనకే వినబడలేదు. ఫోన్ పెట్టేశాక ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. చుట్టూ గొర్రెలు తప్ప ఎవరున్నారు? విజేందర్‌కు చెబుదామని, సంతోషంలో ఒళ్లు తెలియక, మంచి చేత్తో రేకు మీద దబ్బున చరిచాడు.

అంత గట్టి చరుపు విజేందర్ ఎన్నడూ వినలేదు. ఏ గొర్రె చచ్చిందో, అంజన్నే కిందపడ్డాడో అని బెదిరిపోయి రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు.

ముందు వరస గొర్రెలు కూలాయి. వాటి మీద వెనకవి, వాటి మీద అంజన్న. ఆయన లేచి, ఒక్క చేత్తో చెవి పట్టి, తోక పట్టి, ఒక్కొక్కదాన్నే లేపాడు. అదృష్టం బాగుండి అన్నీ లేచాయి. విజేందర్ తెల్లబోయిన ముఖంతో వెనక్కి వచ్చాడు.

"తప్పయిందన్నా! ఏమైందోనని భయపడ్డ. ఎవ్వరు జూడలే. నేను ఎవ్వరికి చెప్ప."

"నేను జూశిన గద" అన్నాడు అంజన్న. మీసం తడుముకుంటూ కళ్లనిండా నీళ్లతో నవ్వుతున్నాడు. "సుస్మితకు సీటొచ్చిందిరా! జడ్చర్లల కటింగ్ షాపు కాడ ఆపు."

"వద్దన్నా. మీసం తీస్కొని పోతె, ఇంట్ల ఎవరు వోయిన్రని ఊరంత అడుగుతరు."

"అడగనియ్ రా. అడిగినోనికల్ల చెప్త. నడువు, జర మెల్లగ తొక్కు."