కాలవ గట్టు మీద చోటు

రెబెక్కమ్మ మొగుడు పెంచలయ్య గుడికీ పోయేవాడు కాదు, చర్చికీ వచ్చేవాడు కాదు. తోటపల్లి గూడూరు అవతల రొయ్యల గుంటల మీద కాపలా పని ఆయనది. ఆదివారం ఆమెను సైకిలు మీద చర్చి గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా బయట కల్వర్టు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు.

"లోపలికొచ్చి ఒక మూలన కూర్చుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని ఆమె సణిగేది.

"నమ్మకం లేకుండా వచ్చి కూర్చుంటే మీ దేవుడి ముందరే నాటకం ఆడినట్టు గదమే! నన్ను నీళ్లలో ముంచితే ఒళ్లు తడుస్తాది, అంతే."

మొండిఘటం! ఆ మొండితనం చూసే కదా, ఇంట్లోవాళ్లను కాదని ఆయన్ను చేసుకుంది.

ఒక ఏడాది గుంటలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. ఆ నీళ్లను మందు చల్లకుండానే కాలవలోకి వదిలెయ్యమన్నాడు యజమాని. వదిలితే కిందివాళ్ల గుంటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పెంచలయ్య తూము తలుపు ఎత్తనన్నాడు. పని ఊడింది. రెబెక్కమ్మ ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, తన చర్చి పెద్దల్లో ఇట్లా కాదని నిలబడేవాళ్లు ఎంతమందా అని లెక్క వేసుకుని, నోరు మూసుకుంది.

పోయిన వేసవిలో పెంచలయ్య గుండె ఆగి చనిపోయాడు. ఆ ఘడియలో ఇంట్లో ఉన్నది రెబెక్కమ్మ ఒక్కతే.

చర్చి సమాధుల తోటలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే చోటు. పాస్టరు పేరు సమాధానం, మెత్తని మనిషి. ఆమెను పక్కకు పిలిచి అడిగాడు. "అమ్మా, ఆఖరి ఘడియలో పెంచలయ్య ప్రభువును ఒప్పుకున్నాడా? ప్రభువు పక్కన సిలువ మీదున్న దొంగకు పరలోకం దొరకడానికి ఆ ఒక్క మాటే చాలింది. ఒప్పుకున్నాడని నువ్వంటే సంఘాన్ని నేను ఒప్పిస్తాను."

కూతురు కెజియా తల్లి చెయ్యి నొక్కింది. "అన్నాడని చెప్పుమా. నీకేం పోతాది?"

ఏం పోతుంది? ఆ మాట అంటే ఆయన తన చోటు పక్కనే ఉంటాడు. పరలోకంలో కూడా దొరుకుతాడేమో. దేవుడా, ఆ ఆశ ఎంత తీపి! రెబెక్కమ్మ నాలుక చివరిదాకా వచ్చింది ఆ అబద్ధం.

"లేదయ్యగారూ," అంది. "ఎండుచేపలు పిల్లి తినేస్తాది, లోపల పెట్టుమే అన్నాడు. నేను లోపల పెట్టి వచ్చేసరికి పోయినాడు. ఆయన ఎన్నడూ అనని మాట ఆయన నోట్లో నేను పెట్టలేను."

పెంచలయ్యను కాలవ గట్టున ఊరి శ్మశానంలో పూడ్చారు. సమాధానం పాస్టరు అక్కడికీ వచ్చాడు, దూరంగా నిలబడి తన మటుకు తాను ప్రార్థన చేసుకున్నాడు.

అప్పట్నుంచీ రెబెక్కమ్మకు పాట సాగదు. పరలోకంలో కలుసుకుందామని అందరూ గొంతెత్తి పాడుతుంటే ఆమె పాటల పుస్తకం మూసేస్తుంది. ఎవర్ని కలుసుకునేది? ఆయన లేని చోట బంగారు వీధులుంటే ఏం, లేకపోతే ఏం? ఆరాధన కాగానే నేరుగా గట్టుకు పోయి ఆ మట్టి పక్కన కూర్చుంటుంది. ఆయన మీద బెంగ కుదురుగా ఉండనివ్వదు.

సమాధుల పండుగ వచ్చింది. అందరూ తోటలో సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఆమె తన కొవ్వొత్తుల పొట్లం పట్టుకుని గట్టుకు పోయింది. సముద్రం గాలికి ఒక్కటీ నిలవలేదు. కెజియా, పాస్టరు వెతుక్కుంటూ వచ్చారు.

"అయ్యగారూ, నేను పోతే నన్ను ఈడే పెట్టండి."

"అదేంటమ్మా! తోటలో మీ అమ్మా నాయనల పక్కన నీకు చోటుంది. పరిశుద్ధుల మధ్య చోటు వదులుకుంటావా?"

"బూర ఊదిన పొద్దు చచ్చినోళ్లంతా లేస్తారని మీరే గదా చెప్తారు. ఆయనకు ఆ బూర ఏందో తెలీదయ్యగారూ. ఎందుకు ఊదతా ఉన్నారో తెలీక అట్నే పడుకోనుంటాడు. తట్టి లేపేదానికి పక్కన నేనుండొద్దా?"