లోపలి గడియ

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి నెలలో, ఉప్పల్‌లోని ఒక ఆసుపత్రిలో నా భార్య పోయింది. ఉదయం ఏడు దాటింది. నర్సు బయటికి వచ్చి "అటెండెంట్ ఎవరు?" అంది. తొమ్మిది రోజులుగా అక్కడ నా పేరు అదే. లేచి నిలబడ్డాను. ఆమె ముఖం చూశాక అడగడానికి ఏమీ మిగల్లేదు.

నేను మొదట ఫోన్ చేసి చెప్పింది నాచారంలో మా ఇంటి ఓనరమ్మకు.

"సారూ, నిన్న మజ్జిగ పంపిన గదా," అంది. మళ్ళీ తనే, "తాగిందా?" అని అడిగింది.

తాగిందన్నాను. తాగలేదు.

మాది తెనాలి దగ్గర పల్లె. నేను మల్లాపూర్‌లో ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఆవిడ యూనివర్సిటీ గ్రంథాలయంలో, పుస్తకాలు ఇచ్చే కౌంటర్ దగ్గర ఉద్యోగి. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. ఆవిడ పాత క్యాలెండర్లు ఇంట్లో మిగలనిచ్చేది కాదు, అన్నీ ఎవరివో పుస్తకాలకు అట్టలైపోయేవి. బస్సు టికెట్లను చదువుతున్న పేజీకి గుర్తుగా పెట్టేది. ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా నాచారం నుంచి తార్నాకకు ఒక టికెట్ ఉంటోంది. సన్మానాలూ శాలువాలూ లేవు. ఆవిడకంటూ ఒక జిగురు డబ్బా ఉండేది.

పుస్తకం చివర తేదీలు వేసే చీటీ అతికిస్తారు కదా, ఆ జిగురు. కౌంటర్ దగ్గరికి వచ్చిన అమ్మాయి పుస్తకం అడక్కుండా అలాగే నిలబడితే, ఏమైందని ఆవిడ అడిగేది కాదు. లోపలికి రమ్మని, ముందు బ్రష్షూ చీటీల కట్టా పెట్టేది. "ఇవి అతికించి పెట్టు తల్లీ, ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నాను," అనేది. పది చీటీలు అయ్యేసరికి మాట వచ్చేది. పీహెచ్‌డీ గైడు ఇంటికి రమ్మంటున్నాడని ఒకరు. మెస్‌లో తన పక్కన ఎవరూ కూర్చోరని ఒకరు. ఆవిడ తల ఎత్తకుండా వినేది. "ముఖం చూస్తే ఆగిపోతారండీ," అని నాతో ఒకసారి అంది. విన్నాక, జరిగింది జరిగినట్టు రాయించి, ఆ కాగితంతో తనే వెంట వెళ్ళేది. ఆఫీసుల్లో కూర్చోమనేవారు కాదు. "మనం కూర్చోవడానికి రాలేదుగా," అని నిలబడేది.

నాకు ఇదంతా నచ్చేది కాదు. దాచను.

రాష్ట్రం రాకముందు, ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. వారానికో బంద్. ఆంధ్రవాళ్ళమని మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా బజారులో నేను తక్కువ మాట్లాడేవాణ్ణి. ఆ ఎండాకాలం ఒక సాయంత్రం ఆవిడ ఒక అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చింది. పాలమూరు వైపు దళితుల అమ్మాయి, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. కుడి మణికట్టుకు పిండికట్టు. ల్యాబులో ఒక సీనియర్ ఆమె వెంటపడ్డాడు. కాదన్నందుకు అందరి ముందూ కులం పేరుతో ఒక మాట అని, చెయ్యి విరిచాడు. ఆమె ఫిర్యాదు రాసింది. "ఆ కులం మాట ఉన్న వాక్యం తీసెయ్, మిగతాది చూద్దాం," అన్నారు డిపార్ట్‌మెంటులో పెద్దలు. తీయలేదు. అప్పటి నుంచి అతని స్నేహితులు సాయంత్రమైతే హాస్టల్ గేటు ముందు నిలబడుతున్నారు. యూనివర్సిటీ కమిటీ విచారణకు ఇంకా పన్నెండు రోజులుంది.

మా వెనక గది సామాన్ల గది. దానికి గడియ బయటివైపే ఉండేది. మర్నాడు పొద్దున్నే ఆవిడ వడ్రంగిని పిలిపించి, ఆ గడియ పీకించి లోపలివైపు బిగించింది. ఓనరమ్మ చూడనే చూసింది.

"గిదేంది మేడమ్మా, గడియ లోపట పెట్టిస్తున్నవ్? సామాన్లే లేసి ఏసుకుంటయా?"

"ఎలుకలు బయటికి వస్తున్నాయమ్మా."

"మస్తు తెలివిగల్ల ఎలుకలే!"

నాకు చెప్పిన కారణం వేరు. "గడియ బయట ఉంటే మనం దాచిపెట్టినట్టండీ. ఎప్పుడు తీయాలో ఆ పిల్లే చూసుకోవాలి."

అయినా అది రేకుల గది. మధ్యాహ్నం కరెంటు పోయేది. మేమిద్దరం పనికి వెళితే పగలంతా ఒక్కతే. చప్పుడు వినపడుతుందని కుళాయి తిప్పేది కాదు. మేమూ కిటికీలు మూసుకున్నాం. ముగ్గురం గుసగుసగా మాట్లాడుకుంటూ తిన్నాం. సాయంత్రాలు ఆవిడ ఆ అమ్మాయి చేత వాంగ్మూలం పైకి చదివించేది. అంతా చదివేది. ఆ వాక్యం దగ్గరికి రాగానే గొంతు ఆగిపోయేది. కాగితం మీద ఉంది, నోట్లోంచి రాదు. కమిటీ ముందు నోటితోనే చెప్పాలి. చెప్పకపోతే, చెప్పలేదని రాసుకుంటారు.

ఐదో రోజు పక్క వాటాలో ఉండే ఆయన నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"మీ ఇంట్ల ఎవరో పిల్ల ఉన్నట్టుంది. చుట్టాలా అన్నా?"

చుట్టాలంటే నమ్మడు. ఆమె నోరు విప్పితే మావైపు పిల్ల కాదని తెలిసిపోతుంది. అంత ఆలోచన ఒక్క క్షణంలో చేశాను. "పనమ్మాయి. కొత్తగా పెట్టుకున్నాం," అన్నాను.

వెనక గది కిటికీ ఆ మెట్లవైపే. మూసే ఉంది. లోపలికి వినపడుతుందని నాకు తట్టలేదు.

మర్నాడు చీపురు చప్పుడుకు బయటికి వచ్చాం. ఆ అమ్మాయి ఎడమ చేత్తో వాకిలి ఊడుస్తోంది.

"ఏంటమ్మా ఇది?" అంది నా భార్య.

"సారు పనిమనిషినని చెప్పిన్రు గద మేడం. పని చేసుడు కనబడకపోతే అనుమానపడ్తరు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నా భార్య నావైపు చూడలేదు. నేరుగా ఓనరమ్మ వాకిట్లోకి వెళ్ళి, "ఎలుకల సంగతి అబద్ధమమ్మా," అని మొత్తం చెప్పింది. కులం కూడా చెప్పింది. ఓనరమ్మది నాచారంలో పాత రైతు కుటుంబం. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేలు ఉండేవి. ఆమె అంతా విని వచ్చి, చీపురుతో నిలబడ్డ పిల్లను పైనుంచి కిందికి చూసింది.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"పీహెచ్‌డీ అమ్మా. కెమిస్ట్రీల."

"గంత సదువు సదివి గిట్లనా ఊడ్చేది? సగం చెత్త ఆడ్నే ఉంది. ఇటియ్యి, లోపటికి పో." చీపురు తీసుకుంది. "ఎవలన్న అడిగితే మా చెల్లె బిడ్డ. చెయ్యి చూపించుకోనీకి ఉప్పల్ దవాఖానాకు వచ్చింది. మీరు చెప్తే ఎవరు నమ్ముతరు సారూ, మీది గుంటూరు నోరాయె."

ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చి గేటు దగ్గర ఆగారు. లైబ్రరీ మేడం ఇల్లు ఇదేనా, ఇక్కడ ఎవరైనా అమ్మాయి ఉందా అని అడిగారు.

"ఉంది. మా చెల్లె బిడ్డ," అంది ఓనరమ్మ. "పిల్లను సూడనీకి వచ్చిన్రా? మరి పెద్దోళ్ళేరి? పూలేవి, పండ్లేవి? ఇద్దర్ల పిలగాడెవరు, నువ్వా? జర దిగు, నిలబడు, పొడుగెంతున్నవో సూస్త."

బైకు దిగకుండానే వెళ్ళిపోయారు. నా భార్య వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక గదిలోంచి కూడా నవ్వు వినపడింది. పన్నెండు రోజుల్లో అది ఒక్కసారే.

ఆ సాయంత్రం ఆవిడతో, "నేను తప్పు మాట అన్నాను," అన్నాను.

"నాతో ఎందుకండీ? తలుపు అదిగో."

వెళ్ళాను. లోపల గడియ వేసి ఉంది. తట్టడానికి చెయ్యి ఎత్తాను. తట్టలేదు. మర్నాడూ తట్టలేదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తర్వాత ఏమైందో ముందే చెబుతాను. చెయ్యి విరిగింది నిజమని కమిటీ తేల్చింది. అన్న మాటకు మాత్రం సాక్షి లేడంది. ఆ రోజు ల్యాబులో పదకొండు మంది ఉన్నారు. అతన్ని కొన్ని నెలలు పంపించేశారు, మళ్ళీ వచ్చాడు. అదే ల్యాబు, అదే వరండా. ఆమె అందులోనే ఉండి పీహెచ్‌డీ పూర్తి చేసింది. నా భార్యను కౌంటర్ నుంచి తీసి, కింద పాత పత్రికల గదికి వేశారు. జిగురు డబ్బా తీసుకునే వెళ్ళింది. ఆడపిల్లలు అక్కడికీ దారి కనుక్కున్నారు. "మనం గెలిచామా?" అని ఒకసారి అడిగాను. "ఆ మాట వాళ్ళ కాగితాల్లో ఉందండీ. చెరపలేరు," అంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న కర్మ రోజు వచ్చింది. నా పక్కన కుర్చీలో గంటసేపు కూర్చుంది. "ఏమన్న తిన్నరా సార్?" అని అడిగింది. ఆ రోజు తప్పు మాట అన్నానని అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఇలా పేపర్లో రాయడం, ఎదురుగా చెప్పడం ఒకటి కాదని నాకు తెలుసు.

నా భార్యను తలుచుకుంటే ఆసుపత్రి మంచం గుర్తుకు రాదు. విచారణ నాటి ఉదయం గుర్తొస్తుంది. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. యూనివర్సిటీ ఆఫీసు మాత్రం తెరిచి ఉందని ఫోన్‌లో చెప్పారు. ఈ పరిస్థితిలో ఎలా వెళతారు, వాయిదా అడుగుదామన్నాను.

"రాలేదని రాసుకుంటారు," అని ఆవిడ చెప్పులేసుకుంది.

ఆవిడా ఆ అమ్మాయీ నడిచే బయల్దేరారు. హబ్సిగూడ వైపు రోడ్డంతా ఖాళీ. నేను ఇరవై అడుగుల వెనక స్కూటర్ తోసుకుంటూ వెళ్ళాను. ఎక్కి నడిపితే ఎవరైనా రాళ్ళేస్తారని భయం. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆ అమ్మాయి నడుస్తూనే కాగితం తీసి చదువుతోంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆవిడా ఆగింది.

"ఇప్పుడు అను."

"రోడ్డు మీదనా మేడం?"

"ఊ."

ఏదో అంది. నాదాకా రాలేదు.

"నాకే వినపడలేదు. వాళ్ళకేం వినపడుతుంది?"

మళ్ళీ అంది. ఈసారి ఎవరన్నారో, ఎవరి ముందు అన్నారో నాకూ వినపడింది. ఆ మాట దగ్గర గొంతు సన్నగిల్లింది.

"ఇంకోసారి."

మూడోసారి నడిరోడ్డు మీద నిలబడి, ఆ మాటతో సహా మొత్తం చెప్పింది. సగం దించిన ఒక షట్టరు కిందనుంచి ఎవరో మనిషి వంగి బయటికి చూశాడు. ఆ అమ్మాయి అతన్ని చూసింది. కాగితం మడిచి, గొంతు తగ్గించకుండా, అతనివైపే చూస్తూ ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నా భార్య అప్పటికే ముందుకు నడుస్తోంది.