వ్రతకథ చదివే పని

దేవుడు లేడని నాకు అనిపించడం మొదలై అప్పటికి చాలాకాలమే అయింది. ఎవరితోనూ అనలేదు. రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్లలో పూజలు చేసి తీరాలని చట్టమేమీ లేదు. అన్నం తినాలని కూడా లేదు, అయినా ఎవరూ మానరు.

నా చిక్కు ఏమిటంటే, మా క్వార్టర్ల వరసలో తెలుగు చదవగలిగేది నానమ్మ, నేను. అమ్మతో సహా మిగతా ఆడవాళ్లంతా ఇక్కడే హిందీలో చదువుకున్నారు. నేను కథల పుస్తకాల పిచ్చితో నానమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఆవిడకి చూపు మందగించాక వరలక్ష్మీ వ్రతకథ చదివే పని నామీద పడింది.

ఒక ఏడు వ్రతం ముందురోజు, శనగలు నానబోస్తున్న అమ్మతో చెప్పేశాను.

"నేను చదవనమ్మా. దేవుడున్నాడని నాకు నమ్మకం లేదు."

"ధీరే బోల్," అంది అమ్మ గోడవైపు చూసి. "పక్కింటోళ్లు వింటారు."

హాల్లోంచి నానమ్మ అంది: "నమ్మమని ఎవులడిగినారే? సదవమన్నాం."

మర్నాడు అందరూ అక్షింతలు పట్టుకుని కథ వినడానికి కూర్చున్నారు. నేను గదిలోంచి రాలేదు. అమ్మ ఫోన్లో కథ పెట్టింది. మధ్యలో హిందీలో సిమెంటు ప్రకటన వచ్చింది.

"వదినా, సిమెంటుకీ అక్షింతలు వెయ్యాలేటి?" అంది పక్కింటి పిన్ని. అందరూ నవ్వారు. అమ్మ కంగారుగా వేలు జరిపితే కథ మళ్లీ మొదటికొచ్చింది. తలుపు సందులోంచి అమ్మ మొహం చూడలేకపోయాను.

వెళ్లి పుస్తకం తీసుకుని చదివాను. నానమ్మ అక్షింతలు ఇవ్వబోతే వద్దన్నాను. తోరం కట్టడానికి అమ్మ వస్తే చెయ్యి చాపలేదు. తోరం పట్టుకుని పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయింది.

"ఎంత భక్తిగా చదివిందో మీ అమ్మాయి," అంది పిన్ని.

"దానికి చదవడం ఇష్టం," అంది అమ్మ.

అందరూ వెళ్లాక అమ్మ నా గది గుమ్మంలో నిలబడింది.

"వచ్చే ఏడు నేనే చదువుకుంటా. నేర్పు."

"కోపమా?"

"గుస్సా ఉంటే ఏటి? నేర్పు."

కోపంగానే నేర్చుకుంది. ఒత్తుల దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. మరుసటి శ్రావణంలో కూడబలుక్కుంటూ కథంతా తనే చదివింది. నేను వంటింట్లో బూరెలు వేయిస్తున్నాను. తప్పులు వినబడుతూనే ఉన్నాయి. దిద్దడానికి వెళ్లలేదు.