పడావు

రాయికల్ దాటగానే తెలంగాణ కోసం రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. మా బస్సు ఆగిపోయింది. దారి ఆపినవాళ్ళే ప్రయాణికులను పిలిచి విస్తరి వేయడం మా కోస్తా వైపు నేనెన్నడూ చూడలేదు. నాకు పప్పు వడ్డిస్తూ, బీడీలు చుడతానని చెప్పిన లచ్చవ్వ అనే ఆమె, నాది ఏం ఉద్యోగమని అడిగింది.

బంజరు భూముల్లో అడవి పెంచుతామని, గాలి బాగుపడుతుందని, పూర్వం అక్కడ పెరిగిన తునికి, ఇప్ప చెట్లే నాటుతామని గొప్పగా చెప్పాను.

“మా చెల్క భూమి గూడ బంజరని రాసుకపోయిండ్రు. ఆనలు వడక ఒక్కేడు పడావు వెట్టినం, గంతే. గా చెల్కల తునికి ఏర్లు తవ్వి తవ్వి మా అత్త నడుం పోయింది. మల్ల తునికే నాటుతరా సారూ?”

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ‘పడావు’ అని చెప్పిన ప్రతి చెలకనూ బంజరని రాసింది నేనే. పడావంటే నేలకిచ్చే విశ్రాంతి అని అప్పుడు నాకు తెలియదు.

“పోనీ, బీడీలకు ఆకన్న తెంపుకోనిస్తరా?”

కంచె లోపల ఆకు కూడా ముట్టకూడదని మా నిబంధన. అదే చెప్పాను.

ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది. “తినుండ్రి సారూ. గా చెల్కల పండిన ఆఖరి కందులు.”